ఐదేళ్ళ ఒప్పందం

"నిచ్చెన మీద నిలబడి సిగ్నల్ వెతుకుతున్నారా, మా కిటికీలోకి చూస్తున్నారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. నిజానికి నేను చూస్తున్నది ఆ కిటికీ పక్కనుంచి లోపలికి వెళ్ళే కేబుల్ని. చెప్పినా నమ్మలేదు. తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆమెనే చూశాను కాబట్టి ఇప్పుడు వాదించే హక్కు నాకు లేదు.

నేను టీవీ డిష్‌లు బిగిస్తాను. వాళ్ళ నాన్న నన్ను గొడుగబ్బాయి అంటారు. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. లీగ్ మ్యాచ్‌ల ప్రసారం మా కంపెనీకే దక్కిందని తెలిసి, పాత కనెక్షన్ పీకించి మా గొడుగు పెట్టించుకున్నారు. గట్టి వాన పడ్డప్పుడల్లా బొమ్మ పోయేది, ఆమె ఫోన్ చేసేది, నేను పరిగెత్తేవాణ్ణి. వానాకాలం అంత చిన్నదని నాకు అంతకుముందు తెలియదు.

ఆమెది కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. "ఊళ్ళో అందరి చూపూ పరీక్షిస్తాను. మీది మాత్రం అక్కర్లేదు, ఎక్కడుంటుందో తెలుసు," అని ఏడిపించేది.

రెండేళ్ళు ఇలా హాయిగా గడిచాక నా కొంప మునిగింది. లీగ్ హక్కులన్నీ ఐదేళ్ళకి పోటీ కంపెనీ కొనేసింది. ఇక ఒక్క మ్యాచ్ కూడా మా దాంట్లో రాదు. కస్టమర్లు అడిగితే "చర్చలు జరుగుతున్నాయి" అనమని మా మేనేజర్ చెప్పాడు.

ఆ వారమే వాళ్ళ నాన్న పిలిచారు.

"గొడుగబ్బాయ్, ఏడాది ప్యాకేజీ తీసుకుంటే మంచి ఆఫర్ అంటున్నారు మీ ఆఫీసు వాళ్ళు. మ్యాచ్‌లు వస్తాయా, రావా? నువ్వు చెప్పు, నీ మాట మీద తీసుకుంటాను."

వస్తాయంటే ఇంకో ఏడాది ఈ మెట్లెక్కొచ్చు. ఆమె తలుపు పక్కనే నిలబడి ఉంది. నాలుక చివరి దాకా వచ్చిన అబద్ధాన్ని మింగేశాను.

"రావు అంకుల్. అవతలి కంపెనీకి మారిపోండి."

ఆయన నా భుజం తట్టి లోపలికి వెళ్ళారు. నేను మేడెక్కి డిష్ విప్పుతుంటే ఆమె వెనకే వచ్చింది, మొహం గంటు పెట్టుకుని.

"మమ్మల్ని వదిలించుకోవడానికి అంత తొందరా?"

"అంత నమ్మి అడిగితే అబద్ధం ఎలా చెప్పమంటారు?"

"నాన్నకి నిజం చెప్పేశారు. మరి నాకు?"

స్పానర్ కింద పెట్టాను. "మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాను. "ఇక రావడానికి వంక లేదనే నా దిగులు."

"వంకెందుకు? ఆదివారం మ్యాచ్ ఉంది. వచ్చి ఆ మాటే నాన్నతో అనండి."

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బెల్ కొట్టాను. ఆయనే తలుపు తీశారు.

"కొత్త డిష్ బాగానే పనిచేస్తోందే. నిన్నెవరు పిలిచారు?"

"డిష్ కోసం కాదు అంకుల్. మీ అమ్మాయంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకోవాలని ఉంది."

ఆయన నన్ను చూశారు, టీవీని చూశారు. "ఇంకో నిమిషంలో మ్యాచ్ మొదలు. కూర్చో."

నలభై ఐదు నిమిషాలు ఎవరు ఎవరి మీద గోల్ వేశారో నాకు తెలియదు. విరామం రాగానే ఆయన రిమోట్ అందుకుని టీవీ కట్టేశారు. ఆ ఇంట్లో మ్యాచ్ మధ్యలో టీవీ కట్టేయడం అదే మొదటిసారని ఆమె తర్వాత చెప్పింది.

"ఇప్పుడు చెప్పు బాబూ, తాపీగా," అన్నారు. "రెండో సగం చూడకపోయినా ఫరవాలేదు."