జాలీ వెనక గొంతు

క్లీవ్‌లాండ్‌లో, హార్లన్ వీధి చివర ఉన్న జంట ఇంట్లో ఎడమ సగానికి చెడ్డ పేరు. వోచర్ కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ వారం కూడా నిలవరని చెప్పుకునేవాళ్ళు. అద్దెలో ఎక్కువ భాగం సర్కారే కట్టే కాగితం అది. అది చూస్తేనే ఆ వీధి వాళ్ళకి మొహం మాడిపోయేది.

ఆ సగానికి యజమాని ఒడెస్సా గ్రీర్, అరవై దాటిన విధవరాలు. తను ఉండేది వేరే పేటలో. కుడి సగం లవీనియాది. ఇరవై ఏళ్ళ స్నేహం, ఒకే చర్చి.

ఏడాదిలో రెండు కుటుంబాలు ఖాళీ చేశాయి. గోడలోంచి ఎవరో ఏడుస్తున్నారని ఒకరు, పొమ్మంటున్నారని ఇంకొకరు.

"వాళ్ళకి ఇవ్వడం మానెయ్యవే," అనేది లవీనియా. "ఇల్లే ఒప్పుకోవట్లేదు."

ఒడెస్సా దాదాపు మానేసేదే. అంతలో కియెర్రా వచ్చింది. ఇద్దరు పిల్లలు, కారులోనే పడక. పదకొండు మంది యజమానులు కాదన్నారట. శుక్రవారంలోగా ఇల్లు దొరక్కపోతే ఆమె వోచర్ రద్దు.

ఒడెస్సా సరేనంది. ఇల్లు ఉండదగ్గదేనా అని హౌసింగ్ ఆఫీసు వాళ్ళు చేసే తనిఖీ మర్నాడే. కాలిపోయిన బల్బులు మార్చడానికి ఒడెస్సా ఒక్కతే వెళ్ళింది. డిసెంబరు... ఐదింటికే చీకటి.

వెనక గదిలో స్టూలెక్కి బల్బు తిప్పుతుంటే వినిపించింది.

ఏడుపు. సన్నగా... ఆగి... మళ్ళీ.

మెల్లగా దిగింది. గోడ అడుగున, వేడి గాలి వచ్చే ఇనప జాలీ. శబ్దం అందులోంచే.

"పిల్లల్ని... తీసుకుపో..."

ఒడెస్సా ప్రభువు పేరు తలుచుకుంది. ఎవరినైనా పిలవాలి. పక్కనే ఉన్న మనిషి... లవీనియా నంబరు నొక్కింది.

ఫోన్ మోగింది.

జాలీలోంచి.

ఏడుపు ఠక్కున ఆగింది. ఫోన్ రెండుసార్లు మోగి, ఎవరో నొక్కేసినట్టు మూగబోయింది.

వేడి గాలి గొట్టం రెండు సగాలకీ ఒకటేనని ఒడెస్సాకి అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత కోటు వేసుకుని వెళ్ళి పక్క తలుపు కొట్టింది.

లవీనియా తలుపు తీసింది. మోకాళ్ళకి దుమ్ము.

"ఎందుకే?" ఒడెస్సా గొంతు పెద్దది చెయ్యలేదు.

లవీనియా వీధి అటూ ఇటూ చూసింది. "మెల్లగా... ఇది కొనుక్కోకముందు, నేనూ ఆ కాగితంతోనే అద్దెకొచ్చాను ఇక్కడికి. నీకెప్పుడూ చెప్పలేదు. ఈ వీధి వాళ్ళు నన్ను పేరుపెట్టి పిలవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అలాంటి మనిషి మళ్ళీ ఈ గోడ పక్కకొస్తే... అందరికీ గుర్తొస్తుంది."

"నిన్ను కూడా పదకొండు మంది పొమ్మన్నారా?"

"పదిహేడు," అంది లవీనియా, నేల చూస్తూ.

జాలి కలగాల్సింది. కలగలేదు. ఒడెస్సా వెనక్కొచ్చి, జాలీకి చెక్క అడ్డంపెట్టి మేకులు దిగ్గొట్టింది. ప్రతి దెబ్బా అవతలికి వినపడాలనే కొట్టింది.

పొద్దున తనిఖీకొచ్చినాయన ఆ చెక్క చూసి తీయించాడు. వేడి గాలి ఆపకూడదట.

"ఇంట్లో ఇంకేమైనా లోపం ఉందామ్మా?"

"లోపం ఇంట్లో లేదు," అంది ఒడెస్సా, గోడకేసి చూస్తూ.

అవతల, జాలీకి చాలా దగ్గరగా... ఎవరో ఊపిరి బిగబట్టారు.