తియ్యకూడని గడప

మా ఊరు ఉన్నచోట ఉండదు. మెల్లగా వెనక్కి నడుస్తూ ఉంటుంది.

ఎదురుగా సముద్రం, వెనక బురదనేల, మధ్యలో చాప పరిచినంత ఇసుక. దాని మీద నాలుగు వరసల ఇళ్ళు. అలలు ముందు వరస పునాదులు తినేసినప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు తలుపులు, కిటికీలు, వాసాలు ఊడదీసుకుని అన్నిటికన్నా వెనక మళ్ళీ కట్టుకుంటారు. నిన్నటిదాకా సముద్రానికి ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఇవాళ బురదని చూస్తూ కూర్చుంటారు. తరాలుగా ఇదే తంతు. పాత బజారు, పాత బడి, మా మామగారు పుట్టిన ఇల్లు, అన్నీ నీళ్ళ అడుగునే ఉన్నాయి. అక్కడ వల పట్టేసుకుంటే మావాళ్ళు, "ఎవరి వంటింట్లో పడిందిరా?" అని నవ్వుకుంటారు. వలలు బాగుచేసేది నేనే. చిరిగినచోట ఒక్కోసారి ఇటుక పెళ్ళలు చిక్కుకుని ఉంటాయి. తీసి పారేస్తాను.

ఇల్లు మార్చేటప్పుడు అన్నీ తీసుకెళ్తారు గానీ గడప మాత్రం తియ్యరు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎందుకని మా అత్తయ్యని అడిగాను. సముద్రంలో పోయినవాళ్ళు ఇంటికి వస్తారట. గడప కనిపిస్తే దాని మీద కాసేపు కూర్చుంటారట. వెనక ఇల్లు లేదని చూసుకుని వెళ్ళిపోతారట.

"అది వాళ్ళది తల్లీ. మనకెందుకు," అంది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది.

వానలకి ముందు మా ఆయన వెళ్ళిన పడవ తిరిగి రాలేదు. తోడు వెళ్ళిన ఇద్దరూ శవాలై ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ఆయన రాలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. తిమ్మిరెక్కిన చెయ్యి గిల్లినా తెలియదు చూడండి, నా ఒళ్ళంతా అలా అయిపోయింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు నా మొహంలోకి వెతికి వెతికి చూసి, "గుండె రాయి చేసుకుంది పాపం," అన్నారు. నేనేం చేసుకోలేదు. దానంతట అదే అయింది. పొయ్యి వెలిగించాను, పాపకి జడ వేశాను, చిరిగిన వలలు తెచ్చుకుని కుట్టాను.

అప్పటికి ముందు వరసలో మిగిలింది మా ఇల్లొక్కటే. పక్కవాళ్ళ ఇళ్ళు, వాళ్ళు వదిలేసిన గడపలతో సహా నీళ్ళపాలయ్యాయి. ఇక మా వంతు. ఇల్లు విప్పడానికి వడ్రంగి బాబాయ్ వచ్చాడు. ద్వారబంధం ఊడదీసి ఉలీ సుత్తీ సంచిలో వేసుకుంటుంటే, "గడప కూడా తియ్యి బాబాయ్," అన్నాను.

బాబాయ్ తలెత్తలేదు. "ఉండనీ అమ్మాయ్. కొత్తది చేసిస్తా, అద్దంలా నున్నగా."

"నాకు అదే కావాలి."

"మీ అత్తని అడుగు మరి. తర్వాత నన్ను తిట్టకండి."

అత్తయ్య తిట్లు లంకించుకుంటుందనుకున్నాను. ఆవిడ వంగి గడప మీది ఇసుక కొంగుతో తుడిచింది. "తియ్యి నాయనా," అంది. ఆవిడ కన్న కొడుకు కదా. ఆయన వచ్చి, ఇల్లు కనబడక, ఇసుకలో కాసేపు కూర్చుని వెళ్ళిపోవడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. ఎలాగైనా సరే, లోపలికి రావాలి.

వెనక వరసలో ఒంటిగది ఇల్లు లేచింది. పాత గడపనే గుమ్మంలో దిగ్గొట్టించాను.

అందులోకి చేరిన మర్నాడు సాయంత్రం పొగమంచు దిగింది. కరెంటు పోయింది. దీపం వెలిగించి గోడకి ఆనుకుని కూర్చున్నాను. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. అత్తయ్య మంచం మీద ఉంది. గదంతా కొత్త సున్నం వాసన. ఉన్నట్టుండి అందులో ఇంకో వాసన కలిసింది. నానిన చెక్క... పాచి... ఎన్నాళ్ళుగానో ఆరని బట్టలు...

తలుపు గడియ వేసే ఉంది. అయినా గడప మీద అడుగు పడింది. తడి కాలు చెక్కకి అంటుకుని వదిలిన చప్పుడు.

ఆయనే అనుకున్నాను. లేవబోయాను.

ఇంకో అడుగు... ఇంకోటి... ఒకరి వెనక ఒకరు. అన్నీ లోపలికే. ఒక్కటీ బయటికి వెళ్ళడం లేదు.

దీపం వెలుగుతూనే ఉంది. గదిలో ఎవరూ కనబడటం లేదు. కానీ చోటు చాలడం లేదు. నేను మోకాళ్ళు ముడుచుకున్నాను. గోడ వెంట మనుషులు సర్దుకుని కూర్చుంటున్నట్టు బట్టల రాపిడి. మూలలో ఎవరిదో దగ్గు. గొంతులో నీళ్ళున్నవాళ్ళ దగ్గు.

అత్తయ్య మంచం దిగింది. కొంగు సర్దుకుని, పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు నిలబడింది.

"అత్తయ్యా... ఎవరు?"

"మా మామగారు," గుసగుసగా అంది. "ఆయన తమ్ముడు... ఆ వెనకాలవాళ్ళు నాకూ తెలీదు. వాళ్ళెరిగిన పాత గడపల్లో మిగిలింది మనదొక్కటే కదమ్మా... ఊరంతా దీని వెంటే వచ్చారు."

"మీ అబ్బాయో?"

ఆవిడ గుమ్మం వైపు చూసింది.

అప్పుడే నా పక్కన ఎవరో కూర్చున్నారు. భుజానికి భుజం తగిలింది. చల్లగా, బరువుగా. పాప జుట్టు మీద టప్‌మని ఒక నీటిచుక్క పడింది... ఇంకోటి... పాపని ఒడిసి పట్టుకుని పక్కకి జరిగాను. ఆ భుజమూ జరిగింది. మూలకి నొక్కుకుపోయాను. ఇక జరగడానికి చోటు లేదు.

భయమేసింది. అన్నాళ్ళ తిమ్మిరి తర్వాత ఒంటికి మొదట తెలిసింది భయమే.

"పొండి," అన్నాను. "మా ఇంట్లోంచి పొండి..."

పక్కన బరువు కదల్లేదు. అత్తయ్య నా వైపు చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

ఎప్పటికో సముద్రం పోటు తగ్గింది, పక్కన బరువూ పోయింది. వాసన పల్చబడింది. గచ్చంతా తడి.

తెల్లవారీ తెల్లవారకుండానే వడ్రంగి బాబాయ్ ఇంటికి పరిగెత్తాను. నా మొహం చూసి ఉలీ సుత్తీ అందుకున్నాడు. వచ్చి గడప పెకలించి, భుజాన వేసుకుని పాతచోటుకి తీసుకెళ్ళాడు. అత్తయ్య వెనకే వెళ్ళింది. మధ్యాహ్నానికి అలలు దాన్ని లాక్కుపోయాయట. ఆవిడ తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. గుమ్మంలో గడప ఉండాల్సినచోట మట్టిచార మిగిలింది.

ఆ మర్నాడు, ఇంకా ఎండ ఉండగానే, బురదనేల దారిన ఒక మనిషి నడుచుకుంటూ వచ్చాడు. మా ఆయన.

ఒంటి మీద ఎవరిదో చొక్కా. గడ్డం పెరిగింది. ఎక్కడివాళ్ళదో పెద్ద పడవ తీసుకెళ్ళిందట, దూరాన రేవులో దించిందట, జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడట. మట్టిచార అవతల ఆగి ఇదంతా చెప్పాడు. అదే గొంతు. అదే నవ్వు.

"చెయ్యి ఇవ్వు," అన్నాడు. "నడిచి నడిచి కాళ్ళు లేవడం లేదు."

చెయ్యి చాపాను. పట్టుకున్నాడు. వెచ్చటి చెయ్యి, బతికున్న మనిషి చెయ్యి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు, అన్నాళ్ళదీ ఒక్కసారే.

వెనకనుంచి అత్తయ్య నా రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రానివ్వకు," అంది నా చెవిలో. "గడప లేని గుమ్మంలోంచి ఏదైనా వస్తుంది."

"మీ అబ్బాయే అత్తయ్యా! చూడండి..."

"నా కొడుకు మొన్న సాయంత్రమే వచ్చాడు తల్లీ. అందరికన్నా వెనకాల వచ్చాడు. నీ పక్కనే కూర్చుని పాప తల నిమిరాడు. భయపడతావని నేను చెప్పలేదు... నువ్వు పొమ్మన్నావు."

గుమ్మం వైపు చూశాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నా చేతిలో ఆ చెయ్యి వెచ్చగానే ఉంది. మట్టిచార దాటి ఒక కాలు లోపల పెట్టాడు.