ఎల్సీ పేరున్న ఎర్ర బిళ్ళ

మా రేడియో టెలిస్కోపుకి పగలూ రాత్రీ ఒకటే. ఆ మధ్యాహ్నం మేం చూడాల్సింది ధూళి మబ్బులో ఇంకా పురిటి గుడ్డల్లోనే ఉన్న ఒక భారీ నక్షత్రాన్ని, అది రెండు వైపులా చిమ్ముతున్న వాయుధారలను. ఐదు డిష్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆరోది పత్తి చేల అవతల, ఒంటరిగా. అది కలవకపోతే ధారలు విడివిడిగా కనపడవు. అంతా ఒకటే మసక చుక్క.

దానికి గ్రీజు పెట్టడానికి మా మెకానిక్ డారిల్ బయల్దేరితే, బడి సెలవులని నాతో వచ్చిన ఏడేళ్ళ నా కూతురు ఎల్సీ వెంటపడింది. డిష్ ఎక్కేవాళ్ళు ముందుగా తమ పేరున్న ఎర్ర బిళ్ళను కంట్రోల్ గదిలో దాని స్విచ్చికి తగిలించాలి. బిళ్ళ ఉన్నంతసేపూ డిష్ కదలదు. తగిలించినవాళ్ళే తియ్యాలి, ఇంకెవరూ ముట్టుకోరు. డారిల్ ఎల్సీకీ ఒకటి రాసిచ్చాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వూ స్టాఫే, మేడమ్."

తిరిగొచ్చాక డారిల్ తన బిళ్ళ తీసుకున్నాడు. నీ వాగుడుకాయ వచ్చేదారంతా నోరు విప్పలేదు, ఎండ దెబ్బేమో చూడమన్నాడు.

ఎల్సీ తలుపు దగ్గరే నిలబడింది. జుట్టులో గ్రీజు వాసన... దాని వెనక తడి మట్టి వాసన. ఇక్కడ వాన పడి నెలలయింది.

"నీ బిళ్ళ తీసెయ్యమ్మా. నక్షత్రం దిగిపోతోంది."

తల అడ్డంగా ఊపింది. గుసగుసగా అంది.

"అది నాది కాదు. ఆ పాప ఇంకా పైనే ఉంది."

డారిల్‌ని మళ్ళీ పంపాను. మళ్ళీ బిళ్ళ తగిలించి వెళ్ళాడు. నిచ్చెన, పై గది, డిష్ గిన్నె లోపల, అంతా వెతికొచ్చాడు. పిట్ట కూడా లేదన్నాడు. తన బిళ్ళ తీసుకున్నాడు.

"నీ కూతురు నీ పక్కనే ఉంది కదా, తల్లీ."

పక్కనే ఉంది. మొహం చూశాను. కళ్ళు, చెవి దగ్గర మచ్చ... అన్నీ నా ఎల్సీవే.

బిళ్ళ నేనే తీశాను.

ఆరో డిష్ కదిలింది. తెరమీద ఆరు గీతలూ కలిశాయి. అప్పుడు చూశాను. దాని మోటారు రోజూ కంటే కొంచెం ఎక్కువ బరువు లాగుతోంది. కొంచెమే...

"గాలి" అన్నాడు డారిల్, మెల్లగా.

కిటికీ అవతల గడ్డిపరక కదలడం లేదు.

ఆపే మీట నొక్కాను. ఎల్సీ అప్పటికే రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉంది.

గదిలో ఏ చప్పుడూ లేదు.