జవాబివ్వని బార్జి

"ఇంజన్ ఆపు బావా... ఆపు!"

సరంగు తాళం తిప్పేస్తాడు.

టూరిస్టు బోటు జమ్ము పొదల్లోకి జారి ఆగుతుంది. చీకటి. బోటులో టూరిస్టులు లేరు. అతనూ, అతని దగ్గర పనిచేసే బావమరిదీ, అంతే.

అవతల స్పీడ్ బోటు హోరు... దగ్గరవుతోంది!

దాని లైటు జమ్మును నాకుతూ పోతుంది. ఇద్దరూ బోటు అడుగున బల్లుల్లా అతుక్కుపోతారు.

వెళ్ళిపోయింది... కానీ మళ్ళీ వస్తుంది. వెతుకుతున్నది వీళ్ళనే!

తప్పు సరంగుదే. వెధవ అలవాటు! ఈ ఏటి మీద చీకట్లో పడవకి పడవ ఎదురైతే టార్చి పైకీ కిందికీ ఊపాలి. అవతలివాడూ ఊపాలి. పగవాడైనా ఊపుతాడు. ఊపేసి, తర్వాత తిట్టుకుంటాడు.

వంపు తిరగ్గానే కనబడిన సరుకుల బార్జికి సరంగు అలాగే ఊపాడు.

బార్జి ఊపలేదు. ఉన్న లైట్లు కూడా ఆర్పేసింది!

ఆర్పేలోపే సరంగు చూసేశాడు. డ్రమ్ములు... ఒక్కొక్కటే ఏట్లోకి ఒంపుతున్నారు. వెంటనే బార్జి పక్కనున్న స్పీడ్ బోటు వీళ్ళ వెంటపడింది.

ఇప్పుడు గాలి ఇటు తిరిగింది.

ఛీ!

ఆ కంపుకి చచ్చిన చేప లేచి ఇంకోసారి చస్తుంది. దోమలైతే ఎప్పుడో కాపురాలు ఎత్తేశాయి. సరంగు తిన్నదంతా గొంతు దాకా వచ్చి బయటికి తొంగిచూస్తోంది. బోటు పక్కన నీళ్ళు చీములా చిక్కబడి పచ్చటి నురగ కక్కుతున్నాయి. వెల్లకిలా తేలిన చేపలు చెక్కకి తగిలి మెత్తమెత్తగా చప్పుడు చేస్తున్నాయి.

ఎదురుగా పంప్‌హౌస్. ఊరి మంచినీళ్ళు ఇక్కణ్ణించే. తెల్లారితే సరంగు కూతురు కొళాయి కింద దోసిలి పట్టి గటగటా తాగేస్తుంది. గ్లాసు తెచ్చుకోవే అంటే వినదు.

"మనకెందుకు బావా?" బావమరిది గుసగుసలాడతాడు. "చూళ్ళేదనుకుంటే పోయె."

"నువ్వెళ్ళి వెనక ఇంజన్ ఫ్యానుకి జమ్ము చుట్టుకుందేమో చూడు."

వాడు వెనక్కి పాకుతాడు. సరంగు తువ్వాలు కింద ఫోన్ వెలిగిస్తాడు. 'ఏట్లో అనుమానంగా ఏం కనిపించినా చెప్పండి' అంటూ ప్రతి రేవులోనూ ఓ బోర్డు ఉంది. దాని కింద నిలబడి బీడీలు కాల్చీ కాల్చీ నంబరు కంఠస్థం అయిపోయింది.

"నది గస్తీ... చెప్పండి." ఆడగొంతు.

"అమ్మా, పంప్‌హౌస్ ఎదురుగా బార్జిలోంచి విషం ఒంపుతున్నారు. మేం జమ్ములో దాక్కున్నాం. నీలం టాపు బోటు. అబద్ధమైతే నా బోటు మీరే ఉంచేసుకోండి!"

"మావాళ్ళు వంతెన కిందే ఉన్నారు. లైన్ కట్ చేయకండి. వాళ్ళ జోలికి మాత్రం వెళ్ళకండి!"

ఫోన్ చొక్కా జేబులోకి జారుతుంది.

"ఎవరితో బావా?"

బావమరిది... వెనకే!

"మీ అక్కతో. కూర మాడిందట."

"మాడంది ఎప్పుడూ?" అంటూ వాడు టార్చి అందుకుంటాడు.

"ఒరేయ్... వెలిగించకు!"

వెలిగించాడు.

పైకీ కిందికీ ఊపలేదు. గుండ్రంగా తిప్పాడు... సున్నా చుట్టినట్టు!

అవతల బార్జి మీద ఒక లైటు వెలిగింది.

అదీ గుండ్రంగా తిరిగింది!

సరంగు వాడి వైపు తిరుగుతాడు. "ఇదెక్కడి పలకరింపురా?"

జవాబుగా నుదుటికి చల్లగా ఏదో ఆనుతుంది. పిస్తోలు!

"మనకెందుకని మొత్తుకున్నానా? వింటేగా!"

"ఆ నీళ్ళు నీ మేనకోడలు తాగుతుందిరా!"

"మీకో రెండు క్యాన్లు పంపిద్దామనే అనుకున్నా. మా ఇంట్లో ఎప్పట్నుంచో క్యాన్ నీళ్ళేగా."

"మరి ఊరు?"

"ఊరంతా నాకు మేనకోడళ్ళా ఏంటి?"

పళ్ళికిలిస్తున్నాడు. తన కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్న మొహమే! సరంగు ఇందాకటి కంపు నీళ్ళలోది అనుకున్నాడు. కాదు... ఇన్నాళ్ళూ బోటులోనే తిరిగింది!

స్పీడ్ బోటు మలుపు తిరిగింది. లైటు సూటిగా ఇటే!

"ఫోనియ్యి. బావ ఏట్లో జారిపడ్డాడని అక్కకి నేనే చెప్తా."

అప్పుడు జేబు మాట్లాడింది.

"నేను మీ అక్కని కాదు తమ్ముడూ! అంతా విన్నాం. మావాళ్ళు నీ వెనకే ఉన్నారు... పిస్తోలు పడెయ్!"

వాడు గిర్రున తిరిగాడు. పడెయ్యలేదు... ఎత్తాడు!

జమ్ము మధ్య, ఇంజన్ ఆపి తెడ్లతో చడీచప్పుడూ లేకుండా వచ్చిన గస్తీ పడవ. దాని మీద ఒక టార్చి...

పైకీ కిందికీ ఊగుతోంది!

"సరంగు గారూ, వంగండి!"

గస్తీ పడవ నుంచి... ఢాం!