చీటీ పడిన ఇళ్లు

కోసిగికి వచ్చిన మొదటి రోజే నాగజ్యోతి, భూపేష్ ఇంటి అరుగు మీద తనకోసం కూర్చున్న జనానికి దండం పెట్టి, మర్యాదగా వెనక్కి పంపేసింది.

భూపేష్‌కు తల కొట్టేసినట్టయింది. కడపలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వస్తోందని, కాస్త సాయం చేయమని డిగ్రీలో పాఠం చెప్పిన మాస్టారు ఫోన్ చేస్తే, డ్రిప్పు పైపుల అంగడి మూసి మరీ వాళ్లందరినీ పిలుచుకొచ్చాడు. బాగా మాట్లాడేవాళ్లు, చదువుకున్నవాళ్లు, ఇద్దరు మేనమామలు. అందరికీ టీ కూడా ఇప్పించాడు.

"మావాళ్లలో ఏం తక్కువ కనపడింది మేడం మీకు?" అన్నాడు.

"తక్కువేం లేదు. అందరూ మీకు తెలిసినోళ్లే ఉండారు. అదే కష్టం."

"అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు గదా?"

"గంటె పెట్టి అడుగుదాకా కలిపినాక చూస్తే చాలు. పైపైన తీసిన మెతుకు, అడుగున మాడిందని చెప్తాదా?"

అంత కోపంలోనూ, నవ్వు ఆపుకుంటున్నప్పుడు ఆమె బుగ్గ మీద పడ్డ సొట్ట మాత్రం భూపేష్ కంట పడింది.

వానలు లేక ఏటా ఊళ్లో చాలామంది వలస పోతారు. ఆ బతుకు మనుషుల మనసు మీద ఎంత బరువు పెడుతోందో తెలుసుకోవడమే నాగజ్యోతి పరిశోధన. దొరికినవాళ్లను పట్టుకుని అడిగితే కుదరదంది. ఊళ్లోని ప్రతి ఇంటి నంబరూ చీటీ మీద రాయాలి, అన్నీ కలపాలి, చూడకుండా తీయాలి. గొప్పింటికీ గుడిసెకూ ఒకటే వంతు. చీటీ ఎవరికి పడితే వాళ్లనే అడగాలి.

చీటీలు తీసే పని భూపేష్ అవ్వ ఓబులమ్మ మీద పడింది. ఆమె కళ్లు మూసుకుని, కూరగాయల బుట్టలో లేత బెండకాయలు వెతికినట్టు ఒక్కో చీటీనీ వేళ్లతో నలిపి చూస్తుంటే, ఎంచొద్దవ్వా అని నాగజ్యోతి బతిమాలుకోవలసి వచ్చింది.

తర్వాత ఇద్దరూ వీధుల్లో పడ్డారు. చీటీ పడిన ఇళ్లలో కొన్ని తెరిచి ఉన్నాయి. చాలావాటికి తాళాలు వేలాడుతున్నాయి. వాళ్లంతా మిరపకోతలకు గుంటూరు వైపు పోయారని పక్కవాళ్లు చెప్పారు. పక్కింటివాళ్లను అడిగితే సరిపోతుందిగా అన్నాడు భూపేష్. ఫోన్‌లో ఆమె గైడ్ కూడా, గడువు దగ్గరపడింది కాబట్టి అలాగే సరిపెట్టుకోమన్నాడు.

నాగజ్యోతి తాళం వేసిన ఒక తలుపు ముందు ఆగిపోయింది.

"ఇంట్లో ఉండేటోళ్లను మాత్రమే అడిగితే, కోసిగి సుఖంగా ఉండాదని రాస్తా. పోయినోళ్ల సంగతి ఎవరు రాయాల? వాళ్లది ఈ ఊరు కాదా?"

భూపేష్ ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని చూశాడు. కరువు రాసుకోవడానికీ, తాళాలను ఫోటో తీసుకోవడానికీ ఊరికి చాలామంది వచ్చారు. తాళం వేసుకుపోయిన మనిషిని వెతుక్కుంటూ పోతానన్నవాళ్లు ఒక్కరూ లేరు. పుట్టి పెరిగిన తనకే ఆ ఆలోచన రాలేదు.

"ఐతే పోదాం పాండి," అన్నాడు. "వాళ్లు యాడుంటారో నేను కనుక్కుంటా."

పోవడానికి ఓబులమ్మ ఒక షరతు పెట్టింది. పెళ్లికాని పిల్లోళ్లిద్దరే అంతదూరం పోకూడదు, తానూ వస్తానంది. గుంతకల్లులో బండి మారాక, దారి పొడుగునా ఇద్దరి మధ్యా కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తినిపించింది. నిద్రొచ్చినప్పుడు మాత్రం కిటికీ పక్కకు జరిగింది. అప్పుడు పక్కపక్కన మిగిలిన వాళ్లిద్దరూ కదిలిపోతున్న చేలను తెగ శ్రద్ధగా చూశారు.

మిరపతోట గట్టున, ప్లాస్టిక్ పట్టాలతో వేసిన గుడిసె ముందు ఏసేపు దొరికాడు. చీటీ పడిన ఇంటి యజమాని. కోసిగి నుంచి తనను వెతుక్కుంటూ వచ్చారంటే ముందు భయపడ్డాడు, ఊళ్లో ఎవరికేమైందోనని. సంగతి తెలిశాక నమ్మలేకపోయాడు.

"నా మాట ఎందుకమ్మా మీకు? ఊర్లో శానామంది పెద్దోళ్లు ఉండారు గదా."

"మీ ఇంటికి చీటీ పడిందన్నా. మీ బదులు ఇంకొకరు చెప్పేదానికి లేదు."

ఏసేపు అంతవరకూ నిలబడే ఉన్నాడు. ఆ మాట విన్నాక, తలపాగా తీసి దులిపి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. పిల్లలను హాస్టల్లో వదిలి వచ్చిన సంగతి, రాత్రిళ్లు నిద్ర పట్టని సంగతి, అడిగినదానికీ అడగనిదానికీ మెల్లగా చెప్పాడు. ఆమె ఒక్కసారీ తొందరపెట్టలేదు.

ఇంతలో కాలం కాని కాలంలో వాన దిగింది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద పట్టాలు కప్పడానికి అందరూ పరుగెత్తారు. నాగజ్యోతి కూడా చున్నీ నడుముకు బిగించి పరుగెత్తింది. కాయలు ఎత్తిన చేతులతోనే ముఖం తుడుచుకుంది. ఇంకేముంది, కళ్లు భగ్గుమన్నాయి.

భూపేష్ బిందెతో నీళ్లు తెచ్చి ఆమె దోసిట్లో పోశాడు.

"మా ఊరి కోసం ఏడ్చింది నువ్వొక్కదానివే," అన్నాడు.

ఆమె ఎర్రబడ్డ కళ్లతో నవ్వింది. మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు, గమనించనట్టు ఊరుకున్నారు. గుడిసెలోంచి ఓబులమ్మ గమనించింది, ఆమె ఊరుకోలేదు. తిరుగు ప్రయాణంలో తనకు కిటికీ పక్కనే కావాలని మొదటే కూర్చుంది.

చీటీ పడిన మిగతావాళ్లనూ అలాగే వెతికి మాట్లాడి, పని ముగించుకుని నాగజ్యోతి కడపకు వెళ్లిపోయాక ఫోన్లు మొదలయ్యాయి. ఏసేపు పిల్లల యోగక్షేమాలతో మొదలై, అంగడి కబుర్ల మీదుగా, ఏమీ లేని కబుర్ల దాకా సాగేవి. అసలు మాట మాత్రం భూపేష్ గొంతు దాటలేదు. అంత చదువుకున్న అమ్మాయి తనను ఎందుకు చేసుకుంటుందిలే అనుకునేవాడు.

వానాకాలంలో కడపలో ఆమె పరిశోధన గురించి మాట్లాడే రోజు వచ్చింది. భూపేష్‌ను, అవ్వను పిలిచింది. రాయచోటి నుంచి ఆమె నాన్న సుబ్బయ్య కూడా, ఇస్త్రీ పంచెలో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

సభలో ఒక పెద్దాయన లేచి, తాళం వేసిన ఇళ్లను వదిలి పక్కిళ్లు తీసుకుంటే ఏమయ్యేదని అడిగాడు.

"ఊరు సుఖంగా ఉందని రాసేదాన్ని సార్. అది అబద్ధమయ్యేది," అంది నాగజ్యోతి. "నిద్రపట్టనివాళ్లలో ఎక్కువమంది ఆ తాళాలు వేసుకుపోయినవాళ్లే. చీటీ పడిన ఒక్క ఇంటినీ మేం వదల్లేదు. మా కోసిగిలో ప్రతి మనిషీ లెక్కలోకి వస్తాడు సార్."

పెద్దాయన తానే ముందుగా చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది. భూపేష్ ఛాతీ పొంగిపోయింది. ఎక్కడికెళ్లినా తన ఊరి పేరు చెప్తే జనం అయ్యో అనేవాళ్లు. ఆ పేరును తలెత్తి పలికిన మనిషిని అతను మొదటిసారి చూస్తున్నాడు.

బయటికొచ్చాక సుబ్బయ్య కూతురిని ఆపాడు.

"ఏమ్మా, లోపల మా కోసిగి అంటివే. మన ఊరు రాయచోటి గదా?"

నాగజ్యోతి తల దించుకుంది. ఒక్క క్షణమే. తల ఎత్తి, భూపేష్ పక్కకు వచ్చి నిలబడింది.

"ఈయనది కోసిగి నాయనా."

భూపేష్‌కు చెవుల్లో రైలు పోయినట్టయింది. ఇన్నాళ్లూ తను మనసులోనే తిప్పుకుంటున్న మాటను ఆమె ఇంత సులువుగా చెప్పేసింది. సుబ్బయ్య అతన్ని కాళ్ల నుంచి తలదాకా నిదానంగా చూశాడు.

"ఏమప్పా, మా పిల్ల చెప్పింది నిజమేనా?"

"నిజమే మామా," అనేసి, నాలుక కరుచుకున్నాడు భూపేష్.

సుబ్బయ్య మీసం కదిలింది. కూతురి ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో బెదురు లేదు, ఇందాక సభలో ఉన్న నిబ్బరమే ఉంది. ఆయన ఓబులమ్మ వైపు తిరిగి, పెద్దావిడకు రెండు చేతులూ జోడించాడు.

"అవ్వా, మీ ఊరు చూడాలనుండాది. ఎప్పుడు రమ్మంటారు?"