ముడి వెయ్యని దారం

కుట్టక్క చచ్చిపోయిన గంటంపావుకి ఫోనులో తన పేజీని తానే మూసుకుందని ఇస్త్రీ ఆవిడ వీధంతా చెప్పుకొచ్చింది. ఆవిడకి పాలవాడు చెప్పాడట; పాలవాడికి ఎవరు చెప్పారో వాడికే తెలియదు. మూడింటికి మెట్ల మీంచి పడి ప్రాణం పోతే నాలుగుంపావుకి పేజీ మాయమైందట, పీనుగకి ఫోనుతో ఏం పనని ఆవిడ పెట్టెలో నిప్పులు ఎగదోస్తూ అడిగిందట.

ఆ మాట కుట్టక్క చెల్లెలి చెవిన పడి నెల అయింది. ముల్లులా దిగబడి ఉండిపోయింది.

కుట్టక్క దర్జీ. కుట్టుమిషను ముందు కూర్చుని ఆమె చెప్పే పాఠాలని ఆ పేజీలో నలభై వేలమంది చూసేవారు. ప్రతి పాఠం చివరా ఒకటే మాట: "ముడి వెయ్యనిదే దారం తెంపకండమ్మా." మూడు చుట్లు తిప్పి ముడి వేసి, కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పంటితో కొరికేది. అక్క గొంతు ఇక మిగిలింది ఆ పేజీలోనే. అది కూడా మూతబడింది. పైగా శవానికి కుడిచేతి బొటనవేలు లేదు. మెట్ల కమ్మీలో పడి తెగిందన్నారు, వెతికితే దొరకలేదన్నారు.

పేజీ తెరవమని చెల్లెలు కంపెనీకి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ అచ్చుగుద్దినట్టు ఒకే జవాబు: 'మూసినవారే లోపలికి రావాలి. ముప్పై రోజుల్లో రాకుంటే శాశ్వతంగా తుడిచివేయబడుతుంది.'

ఇవాళ ముప్పయ్యో రోజు. గడువు నాలుగుంపావు వరకే!

మునిగేవాడికి గడ్డిపరకే పడవ. అందుకే ఫోన్లు బాగుచేసే డాక్టరు తనంతట తానే వచ్చి, చచ్చినవాళ్ళ పేజీలు కూడా తెరుస్తానంటే నమ్మింది. అతను పైసా అడగలేదు. తోడబుట్టినదాని ఒళ్ళు ఉంటే చాలన్నాడు. ఆ మాటకి అప్పుడే ఒళ్ళు జలదరించాల్సింది...

మూడున్నరకి అతని రిపేరు కొట్టుకి వెళ్ళింది. పట్టపగలే ఆకాశం కాటుకభరిణెలా మూసుకుపోయింది. భీకరమైన ఉరుముకి కొట్టు షట్టరు గజగజలాడింది. ఎదురు మేడ గోడ మీద, పగటివేళ కళ్ళు తెరవకూడని గుడ్లగూబ కళ్ళు తెరిచి కూసింది!

వెనక గదిలో విప్పేసిన ఫోన్ల గుట్టలు, కాలిన ప్లాస్టిక్కు కంపు. బల్ల మీద సీసపు తీగతో చుట్టిన వలయం. ఆ వలయం నడుమ ఒక కపాలం. దాని దవడల మధ్య కుట్టక్క ఫోను, పగిలిన అద్దంతో, కొనఊపిరిలా మిణుకుమిణుకుమంటోంది...

అక్క ఫోను ఇతని దగ్గరికి ఎలా వచ్చింది?

ఆ ప్రశ్న నోటిదాకా వచ్చేలోపే సీసపు తీగ ఆమె మణికట్లని కుర్చీకి బిగించేసింది. అరిస్తే డాక్టరు చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లి నెత్తురు కపాలం మీద చిందింది. ఫోను తీగలు అతికే, ఎర్రగా కాలిన కడ్డీని ఆమె అరచేతిలో అదిమాడు. మాంసం చుర్రుమంది! ఆ పొగని అతను ధూపంలా పీల్చుకున్నాడు.

తర్వాత రేకు డబ్బా తెరిచి, ఉప్పులో ఊరిన ఒక బొటనవేలిని కపాలం నుదుట పెట్టాడు.

గోరు నడుమ రెండు నల్లటి చుక్కలు. చిన్నప్పుడు మిషను సూది అక్క వేలిలోంచి దూసుకుపోతే, దాన్ని పళ్ళతో పీకింది తనే. అది అక్క వేలే.

"నలభై వేలమంది మీ అక్క మాట వింటారు," అన్నాడు డాక్టరు తాపీగా. "నా మంత్రం ఆమె నోట ఒక్కసారి పలికితే అన్ని ప్రాణాలూ నా గుప్పిట్లోకి వస్తాయి. పలకనంది. పైగా నా మొహం చూపిస్తూ లైవు పెట్టింది. అది ఎవరికీ చేరకముందే సిగ్నలు తెంపి పీక నొక్కాను, మెట్ల మీంచి తోశాను. ఆ లైవు బయటపడకుండా, కోసుకున్న ఈ వేలితోనే పేజీ మూయించాను. మళ్ళీ తెరవాలంటే పాస్‌వర్డు కావాలి. మీ అక్క నీ ఒంట్లోకి దిగి, నీ నోటితో దాన్ని చెబుతుంది."

చచ్చినవాళ్ళకి పేరుండదనీ, చేసిన పనితోనే పిలవాలనీ, కంపెనీ రాసిన వాక్యమే ఆ తాళానికి మంత్రమనీ వివరించాడు. పాఠం చెప్పే పంతులులా మురిసిపోయాడు. కళ్ళు మూసుకుని, నరాలు చిట్లేలా ముమ్మారు ఘోషించాడు:

"మూసినవారే లోపలికి రావాలి! మూసినవారే లోపలికి రావాలి! మూసినవారే..."

పిడుగు! దీపం ఆరింది. చెల్లెలి వెన్ను విల్లులా వంగింది. కళ్ళు తెల్లబడ్డాయి. సీసపు తీగ పటపటా తెగింది. కాలిన అరచెయ్యి కపాలం మీద వాలింది. ఆమె నోట వచ్చిన గొంతు ఆమెది కాదు. నలభై వేలమందికి తెలిసిన గొంతు అది.

"మూసినవారు అన్నావు కదా. ఆ మాటకి ఆడా లేదు, మగా లేదు. వేలు నాది నాయనా. నొక్కిన చెయ్యి నీది. నువ్వే రా లోపలికి."

కపాలం దవడలు తెరుచుకున్నాయి! పగిలిన అద్దంలోంచి నల్లదారం బుసకొడుతూ లేచి అతని కుడిచేతిని చుట్టింది. అరచేయంత అద్దంలోకి వేళ్ళు... అరచెయ్యి... మణికట్టు... చెరకు గడలు విరిగినట్టు ఎముకలు ఫెళఫెళలాడాయి. అతను రక్షామంత్రం ఎత్తుకున్నాడు. దారం కొసన మెరిసిన సూది కింది పెదవిలో దిగి పైపెదవిలో తేలింది. మళ్ళీ దిగింది. మంత్రం గొంతులోనే కూరుకుపోయి ముక్కులోంచి నెత్తురుగా కారింది. కనురెప్పలు, చెవులు, చివరికి గొంతు మీది చర్మం... తొందరలేదు, తడబాటు లేదు. అలవాటైన చేతికి కొలత తప్పలేదు.

మూడు చుట్లు. ముడి.

"ముడి వెయ్యనిదే దారం తెంపకూడదమ్మా," అంది ఆ గొంతు, పాఠం చివర చెప్పినంత మెత్తగా. చెల్లెలి తల వంగి, పళ్ళు దారాన్ని కొరికాయి.

నాలుగూ పద్నాలుగుకి పేజీ తెరుచుకుంది. ఆఖరి లైవు దానంతట అదే ఆడటం మొదలైంది. రెండు చేతులు, అక్క మెడ, వాటి వెనక డాక్టరు మొహం. నలభై వేల ఇళ్ళలో ఒకేసారి.

అరగంటకి ఇస్త్రీ ఆవిడ పోలీసులని వెంటబెట్టుకొచ్చి షట్టరు ఎత్తించింది. లైవు చూసి పరిగెత్తుకొచ్చిందట. లోపలికి తొంగిచూసి, నెల రోజులుగా ఆడిన నాలుకని పళ్ళ కింద పెట్టుకుంది. డాక్టరు శవం కుడిచెయ్యి మణికట్టుదాకా ఫోనులో ఉంది. ఎంత లాగినా రాలేదు. ఇనస్పెక్టరు వంగి ఆ కుట్లని చాలాసేపు చూశాడు. గదిలో సూది లేదు, దారపు ఉండ లేదు. చెల్లెలి చేయి చూస్తే సూది పట్టే స్థితిలో లేదు.

ఇవి ఎవరు కుట్టారమ్మా అని అడిగాడు.

చెల్లెలు పంటి మధ్య ఇరుక్కున్న నల్ల పోగుని తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ ముడి చూస్తే తెలియడం లేదా?"