రచన తీసేసిన పాట

“ఆగుర్రి, ఆగుర్రి! ఈ పాట ఎక్కడిది?” ఊర్మిల పాడుతుంటే రచన గట్టిగా అరిచింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సిరిసిల్లలోని వాళ్ల బడి వరండాలో రిహార్సల్ జరుగుతోంది. వార్షికోత్సవానికి ఏడో తరగతి పిల్లలు వేసే పాటల నాటకం అది. రాసింది రచన. కథలు రాయడంలో తనను మించినవాళ్లు బడిలో లేరని అందరికీ తెలుసు. రచనకు మరీ బాగా తెలుసు.

నాటకం కథ చిన్నదే. ఆర్డర్లు లేక ఒక ఇంట్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతాయి. పని కోసం తండ్రి మహారాష్ట్రలోని భివండి బయలుదేరతాడు. కూతురు ఆయన్ని ఆపాలనుకుంటుంది. తండ్రి వేషం జీవన్‌ది, కూతురి వేషం ఊర్మిలది. పాటలకు బాణీలు కట్టేది నితిన్.

“నేనే రాసిన,” అన్నాడు నితిన్. “బాపు పోయేటప్పుడు ఊర్మిల పాడుతదని.”

“నాటకం రాసేది నేను గదా! గా పాటల ఏమున్నది? సైకిల్, సీటు... గవి పాటల వస్తయా? తీసెయ్. గక్కడ నా వాన పాట ఉంటది. దాని ఎన్క నేను రాసిన డైలాగు.”

నితిన్ మొహం చిన్నబోయింది. డప్పు తీసుకుని క్లాసులోకి వెళ్లిపోయాడు. మర్నాడు రిహార్సల్‌కు రాలేదు.

ఆ రోజే ప్రేమలత టీచర్ మూడో తరగతి పిల్లలను తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టింది. నాటకం మొదలైంది. తండ్రి బ్యాగు భుజాన వేసుకున్నాడు. అప్పుడే వాన పాట అందుకున్నారు. మబ్బులు, మెరుపులు, ఇంద్రధనుస్సు అన్నీ ఉన్నాయి అందులో. పిల్లలు కాసేపు తలలూపారు. తర్వాత ఒకడు పక్కవాడిని గిల్లాడు. ఇద్దరు నీళ్లకు లేచారు. ఒక పాప టీచర్ కొంగు లాగింది.

“టీచర్, వాళ్ల బాపు పోయిండా, ఇంకా ఉన్నడా?”

రచన చెవులు వేడెక్కాయి.

పాట అయింది. ఇక ఊర్మిల పెద్ద డైలాగు. నాలుగు మాటలు చెప్పి మర్చిపోయింది. అటూ ఇటూ చూసింది. ఏం చేయాలో తోచక, మెల్లగా నితిన్ పాట ఎత్తుకుంది.

“బాపూ, నువ్వు భివండి పోతే
నా సైకిల్ సీటు ఎవలు పట్టుకుంటరు?
నాకింకా తొక్కరాదు బాపూ,
నేర్సేదాక ఆగు బాపూ!”

నీళ్లకు లేచిన ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. జీవన్ భుజం మీది బ్యాగు కింద పెట్టాడు.

“పోకు!” ముందు కూర్చున్న పిల్లవాడొకడు అరిచాడు.

రిహార్సల్ అయ్యాక రచన జీవన్‌ను పట్టుకుంది. “బ్యాగు కింద పెట్టుమని నేను రాయలే గదా?”

“రాయలే. గామె గట్ల పాడుతుంటే బ్యాగు ఏసుకొని ఎట్ల నిలవడాలె?”

ప్రేమలత టీచర్ ఆ మాట విని నవ్వింది. “రచనా, వాన పాటకు ముందు బాపు ఎక్కడున్నడు?”

“గడప కాడ, టీచర్.”

“పాట అయినంక?”

“గక్కడనే ఉన్నడు.” చెబుతూ చెబుతూనే రచన గొంతు తగ్గింది.

రచన తిన్నగా క్లాసులోకి వెళ్లింది. నితిన్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు.

“తప్పు నాదే నితిన్. వాన పాట తీసేస్తున్న. నీ పాట పెడుతున్న.”

నితిన్ ఆశ్చర్యపోయాడు. “వాన పాట మంచిగనే ఉంది గదా?”

“మంచిగనే ఉంది. గానీ అది లేకున్నా కథ నడుస్తది. నీ పాట లేకుంటే ఆగిపోతది. నువ్వు రాకున్నా ఆగిపోతది.”

నితిన్ డప్పు ఒళ్లోకి తీసుకున్నాడు. “అయితే బాపు కూడా జవాబు పాడాలె. ఆయనకేం కావాలె?”

రచన నాటకం అంతా రాసింది కానీ ఆ తండ్రికి ఏం కావాలో ఒక్కసారీ అనుకోలేదు. ఇద్దరూ నేల మీద కూర్చుని, కొట్టివేస్తూ మళ్లీ రాస్తూ, బెల్లు కొట్టేసరికి రెండు వరుసలు తేల్చారు.

“బస్సుల కూసున్నా నా చెయ్యి
నీ సైకిల్ మీదనే బిడ్డా!”

వార్షికోత్సవం రోజు జీవన్ ఆ వరుసలు పాడుతుంటే, ముందు వరుసలోని ఒకాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తెర పక్కన రచన, నితిన్ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా గిల్లుకున్నారు.

తర్వాతి వారం బడి గోడపత్రికకు రచన కొత్త కథ మొదలుపెట్టింది. ఈసారి పాటలు లేవు, కథే. కొండగట్టు గుడి మెట్ల మీద పొద్దుపొడుపు గురించి పేజీ నిండా రాసింది. చదువుకుంది. బాగానే ఉంది. కానీ కథలోని పిల్లవాడికి ఏం కావాలో అందులో ఎక్కడా లేదు.

ఆ పేజీ తీసి పక్కన పెట్టింది. పెన్ను అందుకుని ఇలా రాసింది:

“కోతి ఎత్తుకుపోయిన కొత్త చెప్పు దొరికేదాకా ఇంటికి రానని జలపతి మెట్ల మీదే కూర్చున్నాడు.”